పొద్దున సెల్ఫ్ కొడితే గర్రుమనే కారు: ఎర్త్ బోల్ట్ నుంచి ఫ్లైవీల్ రింగ్ దాకా ఒక కేస్ స్టడీ

బండి 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్. వయసు తొమ్మిదేండ్లు, మీటర్ మీద 1,14,000 కిలోమీటర్లు. మొదటి ఏడేండ్లు హైదరాబాద్ రోడ్డు మీద బాగా తిరిగింది. రెండేండ్లుగా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆవరణలో ఆరుబయట ఉంటోంది. రోజుకు ఐదారు కిలోమీటర్లు, అదీ నాలుగైదు ముక్కలుగా: మిల్లు నుంచి ఇల్లు, ఇంటి నుంచి బ్యాంకు, మళ్లీ మిల్లు. అంటే తిరుగుడు తక్కువ, సెల్ఫ్ కొట్టుడు ఎక్కువ. ఈ కేసులో సగం సంగతి ఇక్కడే ఉంది.

నల్లగొండలోని మా షెడ్డుకు బండి వచ్చింది జనవరిలో. ఓనర్ చెప్పిన మాట ఇది: "పొద్దుగాల సెల్ఫ్ కొడితే గర్రుమంటది అన్నా. ఒకరోజు వస్తది, ఒకరోజు రాదు. మధ్యాహ్నం అసలే ఉండదు." ఇంకాస్త అడిగితే మరో రెండు విషయాలు బయటపడ్డాయి. అప్పుడప్పుడు గర్రుమనే ముందు టకటకమని కొట్టుకుంటుంది. ఇంజిన్ అందుకున్నాక ఒకటి రెండు సెకన్లు ముందు వైపు గలగలమంటుంది. ఓనర్ లెక్కలో ఇదంతా ఒకటే శబ్దం. మన లెక్కలో మూడు. వీటిని మొదట్లోనే విడదీయకపోతే బిల్లు పెరుగుతుంది గానీ శబ్దం పోదు.

అప్పటికే జరిగిన రిపేర్లు: ఎనిమిది నెలల కింద కొత్త బ్యాటరీ. ఆ తర్వాత వేరేచోట సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మార్చారు. ఆరు వారాలకు మళ్లీ శబ్దం వస్తే బెండిక్స్ (సెల్ఫ్ మోటారు చివర ఇంజిన్‌ను పట్టి తిప్పే చిన్న పళ్ల చక్రం, దాని క్లచ్ కలిసిన ముక్క) కొత్తది వేశారు. రెండు వారాలు బాగుండి మళ్లీ మొదలైంది. కొత్త బెండిక్స్ రెండు వారాలకే గర్రుమందంటే బెండిక్స్ నాసిరకమనుకోవడం తేలిక. కానీ దాన్ని కొరుకుతున్నది ఇంకేదో ఉందేమోనని అనుమానించాలి.

శబ్దాన్ని విడదీయడం

చల్లటి ఇంజిన్ మీదే వచ్చే శబ్దాన్ని వేడి ఇంజిన్ మీద వెతకలేం. బండిని రాత్రి ఇక్కడే ఆపి, పొద్దున ఆరున్నరకు, ఎవరూ తాళం తిప్పకముందే పని మొదలుపెట్టాం. గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, హ్యాండ్ బ్రేక్ లాగాలి, టైరు కింద రాయి పెట్టాలి. ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలంటే ఫ్యూయల్ పంప్ రిలే పీకితే చాలు. చాలా ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లలో యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపట్టి తాళం తిప్పినా పెట్రోల్ ఆగుతుంది. ఒకరు తాళం దగ్గర, ఒకరు గేర్‌బాక్స్ వైపు. సెల్‌ఫోన్‌ను బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ను కప్పి ఉండే గేర్‌బాక్స్ డొప్ప) దగ్గర పెట్టి రికార్డు చేసి సగం వేగంతో వింటే శబ్దాల వరుస తెలుస్తుంది. చెవికి ఒక్క గర్రుగా వినబడింది అందులో ఇలా విడిపోయింది: ముందు రెండు మూడు టక్‌లు, తర్వాత ఇనుము మీద ఇనుము గీసుకునే శబ్దం పావు సెకను, ఆ తర్వాత మామూలుగా తిరగడం.

ఈ వరుసే దారి చూపింది. సెల్ఫ్ దగ్గర ఒక్కో శబ్దానికి ఒక్కో అర్థం ఉంటుంది. టకటకమని వరసగా కొట్టుకుంటే సోలినాయిడ్‌కు (సెల్ఫ్ మీద ఉండి, పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి మోటారుకు కరెంట్ కలిపే విద్యుత్ అయస్కాంతానికి) వోల్టేజి నిలబడడం లేదు. ఒక్క టక్ అని ఊరుకుంటే సోలినాయిడ్ పట్టింది కానీ మోటారు తిరగలేదు. బ్రష్‌లు, సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్ట్‌లు చూడాలి. విర్రుమని మోటారు ఒంటరిగా తిరిగి ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ లోపలి క్లచ్ జారుతోంది. గర్రుమంటే పిన్యన్ (బెండిక్స్ మీది చిన్న పళ్ల చక్రం) పళ్లు రింగ్ (ఇంజిన్ ఫ్లైవీల్ చుట్టూ ఉండే పెద్ద పళ్ల చక్రం) పళ్లలో సరిగ్గా దిగడం లేదు. ఇంజిన్ అందుకున్నాక కూడా సన్నగా కీచుమని లాగితే పిన్యన్ వెనక్కి రావడం లేదు.

ఇందులో ఆఖరిది అన్నిటికంటే ప్రమాదం. పిన్యన్‌కు తొమ్మిది పది పళ్లుంటే రింగ్‌కు వందకు పైనే ఉంటాయి. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే పిన్యన్ పది పన్నెండు చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో 800 తిరుగుతుంటే ఇరుక్కున్న పిన్యన్ 8,000 దాటుతుంది. అప్పుడు ఆర్మేచర్‌ను (మోటారు లోపల తిరిగే భాగాన్ని) కాపాడేది బెండిక్స్ లోపలి క్లచ్ ఒక్కటే.

మన బండిలో ముందు టకటక, వెనక గర్రు. కాబట్టి గర్రు సంగతి తర్వాత, ముందు వోల్టేజి సంగతి.

మీటరు చెప్పింది

బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉండి 12.58 వోల్టులు చూపింది. నిండా ఛార్జ్ ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది, 12.2 అంటే సగమే. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ సీసపు పోస్టుల మీదే మీటరు పెట్టి చూస్తే 10.4. 9.6 కంటే కిందికి పడితేనే బ్యాటరీని అనుమానించాలి. క్లాంప్ మీటర్‌లో కరెంట్ 130 ఆంపియర్లు, ఈ సైజు పెట్రోల్ ఇంజిన్‌కు చల్లటి పొద్దున మామూలే. చాలామంది ఇక్కడే ఆగి "బ్యాటరీ ఓకే, సెల్ఫ్ మోటారు దించు" అంటారు. ఈ బండికి రెండుసార్లు జరిగింది అదే.

బ్యాటరీ దగ్గర 10.4 ఉన్నంత మాత్రాన మోటారు దాకా 10.4 చేరుతుందని కాదు. దారిలో ఎంత పోతోందో చూడాలంటే డ్రాప్ టెస్ట్ చేయాలి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండో మొన సెల్ఫ్ మోటారు మందపాటి వైరు బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. మొన క్లాంప్ మీద పెడితే లాభం లేదు, పోస్టు మధ్యలో సీసం మీదే పెట్టాలి. ప్లస్ దారిలో అర వోల్టు దాకా చెల్లుతుంది. మనకు వచ్చింది 0.28. బాగుంది.

అదే పని మైనస్ వైపు: ఒక మొన మైనస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మోటారు బాడీ మీద. 0.2 వోల్టుల లోపు ఉండాలి. మీటరు 1.74 చూపింది.

10.4లోంచి 0.28, 1.74 తీసేస్తే మోటారుకు అందింది 8.38 వోల్టులు. రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి, అదీ ఎక్కువ భాగం ఎర్త్‌లో, అంటే కరెంట్ బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారిలో. ఎక్కడ పోతోందో ముక్కలు ముక్కలుగా కొలిచాం. మైనస్ పోస్టు నుంచి ఎర్త్ కేబుల్ అవతలి చివర లగ్గు (బోల్ట్ దూరే రాగి కన్ను) దాకా 0.06. ఆ లగ్గుకు, గేర్‌బాక్స్ లోహానికి మధ్య 1.52. గేర్‌బాక్స్‌కు, సెల్ఫ్ మోటారు బాడీకి మధ్య 0.16. మూడూ కలిపితే 1.74. దొంగ మధ్యలో ఉన్న ఒక్క బోల్ట్.

1.52 వోల్టులను 130 ఆంపియర్లతో గుణిస్తే 197.6. అంటే సెల్ఫ్ కొట్టినంతసేపూ బొటనవేలంత ఆ జాయింట్ దాదాపు 200 వాట్ల హీటర్‌లా పని చేస్తోంది. ఐదేసి సెకన్ల చొప్పున రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, ఆపి, వేలు పెట్టి చూస్తే లగ్గు గోరువెచ్చగా తగిలింది, పక్కనున్న గేర్‌బాక్స్ మాత్రం చల్లగా ఉంది. మీటరు లేని చోట కూడా ఈ వేలి పరీక్ష పనికొస్తుంది.

బోల్ట్ విప్పితే లోపల ఉన్నది ఇది. రాగి లగ్గు మీద పచ్చటి చిలుం, దాని మీద సున్నంలా తెల్లటి పొర, ఆ రెంటి మధ్య ఊక దుమ్ము ఇరుక్కుని గట్టిపడింది. కింద అల్యూమినియం మీద బూడిద రంగు పొడి. పళ్ల వాషర్ లేదు. ముందు పనిలో ఎక్కడో పడిపోయి ఉంటుంది, దాని బదులు రంగు వేసిన మామూలు వాషర్ వేశారు. లగ్గు మెడ దగ్గర కేబుల్ తొడుగును వేలితో వంచితే సగం తీగలు తెగి, నల్లబడి ఉన్నాయి. పైనుంచి చూస్తే కేబుల్ నిక్షేపంగా ఉంది.

ఆ తెల్ల పొర గురించి కాస్త చెప్పాలి. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పులన్నీ ఎక్కువే. వాషింగ్ సెంటర్లో ఆ నీళ్లతోనే బానెట్ లోపల ప్రెషర్ కొడతారు. వేడి ఇంజిన్ మీద నీళ్లు ఎగిరిపోయి ఉప్పు మిగులుతుంది. రాగి, అల్యూమినియం, ఉప్పు తేమ ఒకచోట చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఇదే నీళ్లను బ్యాటరీలో పోసేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా పెద్ద తప్పు. నీళ్లలోని ఇనుము, క్లోరైడ్ బ్యాటరీని లోపల్నుంచే ఖాళీ చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయొద్దు.

ఎర్త్ పోతే సెల్ఫ్ ఎందుకు గర్రుమంటుంది

సోలినాయిడ్‌లో రెండు తీగ చుట్లు (కాయిల్స్) ఉంటాయి. ఒకటి లాగే చుట్టు, రెండోది పట్టి ఉంచే చుట్టు. తాళం తిప్పగానే రెండూ కలిసి ప్లంజర్‌ను (లోపలి ఇనుప కడ్డీని) లాగుతాయి. ప్లంజర్ ఒక చివర ఫోర్క్‌తో పిన్యన్‌ను రింగ్ వైపు నెడుతుంది, మరో చివర రాగి కాంటాక్ట్‌ను మూస్తుంది. కాంటాక్ట్ మూసుకోగానే లాగే చుట్టుకు రెండు చివర్లా ఒకే వోల్టేజి వచ్చి అది పని మానేస్తుంది. ఇక ప్లంజర్‌ను పట్టి ఉంచేది సన్నటి రెండో చుట్టు ఒక్కటే.

సరిగ్గా ఆ క్షణంలోనే మోటారు ఆగి ఉన్న స్థితి నుంచి కదలడానికి కరెంటును ఒక్కసారిగా గుంజుతుంది. తిరుగుతున్నప్పటి 130 కంటే అది ఎన్నో రెట్లు. ఎర్త్ జాయింట్ దగ్గర వోల్టేజి కూలుతుంది, సోలినాయిడ్ ఎర్త్ కూడా అదే బాడీ కాబట్టి పట్టి ఉంచే చుట్టు వదిలేస్తుంది. ప్లంజర్ వెనక్కి, కాంటాక్ట్ తెరుచుకుంటుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. అదే టకటక. ప్రతి టక్‌కూ పిన్యన్ సగం దూరం వచ్చి, మోటారు అరచుట్టు తిరిగి, రింగ్ పళ్ల అంచును ఆకురాయిలా గీస్తుంది. ఇట్లా పొద్దుపొద్దున, నెలల తరబడి.

పొద్దునే ఎందుకంటే చలికి ఆయిల్ చిక్కబడి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది, కరెంట్ పెరుగుతుంది, జాయింట్‌లో పోయే వోల్టేజి కూడా అంతే పెరుగుతుంది. మధ్యాహ్నం ఇంజిన్ తేలికవుతుంది, సోలినాయిడ్ ఎట్లాగో పట్టి ఉంచుతుంది. ఓనర్ మాటలో "మధ్యాహ్నం అసలే ఉండదు" అన్న ముక్కకు లెక్క ఇదే.

ఎర్త్ పాడైన బండ్లలో ఇంకో గుర్తు కూడా కనిపిస్తుంది. కరెంట్ తిరిగి రావడానికి వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్, గేర్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లోపలి తీగలు వేడెక్కి తొడుగు కరుగుతుంది. కారణం లేకుండా క్లచ్ కేబుల్ గట్టిపడిందంటే ఎర్త్ ఒకసారి కొలవండి.

సెల్ఫ్ మోటారు బల్ల మీద

ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. సెల్ఫ్ మందపాటి వైరులో తాళం తీసేసినా కరెంట్ ఉంటుంది. పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలతో పాటు బోల్ట్ మర కూడా పోతుంది.

మోటారును వైస్‌లో గట్టిగా బిగించి సోలినాయిడ్‌ను విడిగా చూశాం. మోటారులోకి వెళ్లే జడ వైరును సోలినాయిడ్ బోల్టు నుంచి ఊడదీసి, ఆ బోల్టుకు, బాడీకి బ్యాటరీ మైనస్ ఇచ్చి, తాళం వైరు వచ్చే చిన్న పిన్‌కు ప్లస్ తగిలిస్తే పిన్యన్ టక్కున బయటికి రావాలి. వచ్చింది. ఇప్పుడు బోల్టు మీది మైనస్ తీసేస్తే పిన్యన్ అట్లాగే నిలవాలి. నిలిస్తే పట్టి ఉంచే చుట్టు మంచిది. నిలిచింది. బాడీ మైనస్ తీయగానే వెంటనే లోపలికి పోవాలి. పోయింది. ఒక్కో పరీక్ష మూడు నుంచి ఐదు సెకన్లకు మించొద్దు, చుట్టు కాలుతుంది. బ్రష్‌లు, బుష్‌లు కూడా బాగానే ఉన్నాయి. ముందు మెకానిక్ ఆ పని శ్రద్ధగానే చేశాడు.

పాడైంది బెండిక్స్ పళ్లు మాత్రమే. నాలుగు నెలల వయసున్న పిన్యన్ పళ్ల మూతులు మొక్కజొన్న కంకిని కొరికినట్టు విరిగి ఉన్నాయి.

ఊక దుమ్ము ఎక్కువగా ఉండే చోట ఇంకో తప్పు జరుగుతుంటుంది. బెండిక్స్ జిగురుపట్టిందని పెట్రోల్‌లో ముంచి కడుగుతారు. దాని లోపల రోలర్ క్లచ్‌కు కంపెనీలోనే గ్రీజు పెట్టి మూసి ఉంటుంది, పెట్రోల్ దాన్ని కడిగేస్తుంది. కొన్నాళ్లకు విర్రుమనే శబ్దం మొదలవుతుంది. బట్టతో తుడవాలి, అంతే. షాఫ్ట్ మీది మెలిక గాడికి పలచగా ఒక పూత గ్రీజు చాలు. ఎక్కువ పెడితే దుమ్ము అంటుకుని పిన్యన్ వెనక్కి రాదు.

రింగ్

ఎర్త్ కేబుల్ కొత్తది వేసి తాత్కాలికంగా అన్నీ బిగించి, మూడు పొద్దులు చూశాం. టకటక పూర్తిగా పోయింది. గర్రు తగ్గింది కానీ పోలేదు, మూడో రోజు మళ్లీ వచ్చింది. అంటే మూలం ఎర్త్ అయినా, గాయం అప్పటికే రింగ్‌కు అయింది.

గర్రుమన్న వెంటనే ఆపి, ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. సెల్ఫ్ కొట్టకుండా బండిని నాలుగో గేరులో వేసి ముందుకు నాలుగు వేళ్లంత తోయాలి. క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) కాస్త తిరిగి రింగ్‌లో వేరే పళ్లు పిన్యన్ ముందుకు వస్తాయి. న్యూట్రల్‌లోకి తెచ్చి మళ్లీ సెల్ఫ్ కొడితే శబ్దం లేకుండా స్టార్ట్ అయితే రింగ్‌లో ఒకచోట పళ్లు పోయినట్టే. ఇక్కడ అదే జరిగింది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండర్ కంప్రెషన్ అడ్డుపడి వెనక్కి నెడితే, దాదాపు ప్రతిసారీ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకచోట ఆగుతుంది. అందుకే రింగ్ చుట్టూ సమానంగా అరగదు, 180 డిగ్రీల దూరంలో రెండు మచ్చల్లో అరుగుతుంది. "ఒకరోజు వస్తది, ఒకరోజు రాదు" అన్నది దీనివల్ల.

సెల్ఫ్ మోటారు తీసిన రంధ్రంలోంచి కెమెరా పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి ఇంజిన్ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పుతూ చూశాం. పుల్లీ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. ఒకచోట ఏడు పళ్లు, సరిగ్గా ఎదురుగా నాలుగు పళ్లు. ఏడింటిలో మూడు పళ్ల వెడల్పులో మూడో వంతు లేదు, అంచులు మడతపడి గరుకు ముళ్లు లేచాయి. బెల్ హౌసింగ్ అడుగున వెండి రజనులా ఇనుప పొడి. అరిగిన రింగ్ కొత్త పిన్యన్‌ను కొరుకుతుంది, విరిగిన పిన్యన్ మంచి పళ్లను కొరుకుతుంది. రెండూ ఒకేసారి మార్చకపోతే మార్చినది కూడా పోయినట్టే.

దారులు మూడున్నాయి. పళ్ల మీద వెల్డింగ్ నింపి గ్రైండ్ చేయడం ఒకటి. వెల్డింగ్ వేడికి పళ్ల గట్టిదనం పోతుంది, పక్క పన్ను పగులుతుంది. ఇది చేయించుకోవద్దనే చెబుతాం. పాత రింగ్‌నే వేడిచేసి ఊడదీసి 90 డిగ్రీలు జరిపి ఎక్కించడం రెండోది. మంచి పళ్లు ఆగే చోటుకు వస్తాయి కాబట్టి కొన్నేండ్లు నడుస్తుంది, కొత్త రింగ్ దొరకని పాత బండ్లకు పనికొచ్చే ఉపాయం. కానీ ఖర్చంతా గేర్‌బాక్స్ దింపి ఎక్కించడంలోనే ఉంది, రింగ్ ధర దాని ముందు చిన్నది. కాబట్టి మూడో దారి: కొత్త రింగ్, కొత్త బెండిక్స్. గేర్‌బాక్స్ ఎట్లాగూ దిగింది, 1,14,000 కిలోమీటర్ల క్లచ్ ప్లేట్ రివెట్ల దాకా వచ్చింది, క్లచ్ సెట్ కూడా అప్పుడే వేశాం.

కొత్త రింగ్ కొనేముందు పళ్లు లెక్కపెట్టాలి. ఒకే బండిలో వేర్వేరు ఏండ్ల మోడళ్లకు పళ్ల సంఖ్య మారొచ్చు. లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో సరిచూడాలి.

ఫ్లైవీల్ విప్పేముందు క్రాంక్‌కు, ఫ్లైవీల్‌కు కలిపి సెంటర్ పంచ్‌తో గుర్తు. పాత రింగ్ తీయడానికి రెండు పళ్ల మధ్య గాడిలో ఎనిమిది మిల్లీమీటర్ల డ్రిల్‌తో ముప్పావు వంతు లోతు రంధ్రం వేసి, అక్కడ ఉలి పెట్టి ఒక్క దెబ్బ గట్టిగా కొడితే చీలుతుంది. డ్రిల్ ఫ్లైవీల్‌కు తగలకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి, చీలినప్పుడు రింగ్ ఎగురుతుంది.

కొత్తది ఎక్కేది వేడి మీదే. 250 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు రింగ్ 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 0.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిగింపు తేడా అంతకంటే తక్కువ కాబట్టి చేతి బరువుకే కూర్చుంటుంది. గ్యాస్ మంటతో ఒకేచోట కాల్చొద్దు. బేకరీ ఓవెన్ లాంటిది దొరికితే అంతకంటే మంచిది లేదు, చుట్టూ సమానంగా కాగుతుంది. మన దగ్గర ఇటుకల మీద పెట్టి మంటను తిప్పుతూ కాచాం. మెరిసే ఉక్కు మీద లేజర్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. రింగ్‌కు సోల్డర్ తీగ తాకించి చూడాలి: 60-40 తగరం, సీసం తీగ 190 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఆ తర్వాత గీకి తెల్లగా చేసిన చోట లేత గడ్డి రంగు రావాలి, అది 220, 230 డిగ్రీలు. నీలం తిరిగిందంటే 300 దాకా పోయింది, పళ్ల గట్టిదనం తగ్గింది, ఆ రింగ్ పక్కన పెట్టాల్సిందే.

పళ్లకు ఒకవైపు వాలు చెక్కి ఉంటుంది. ఆ వాలు పిన్యన్ వచ్చే వైపు ఉండాలి. తిప్పి వేస్తే కొత్త రింగ్ మొదటి రోజు నుంచే గర్రుమంటుంది, గేర్‌బాక్స్ మళ్లీ దింపాలి. వేయకముందే ఫ్లైవీల్ మీద చాక్‌పీస్‌తో బాణం గీసుకున్నాం. రింగ్ దిగడానికి ఉన్న టైము అరనిమిషం లోపే. కూర్చున్నాక చుట్టూ ఇత్తడి సుత్తితో తట్టి, రింగ్‌కు, ఫ్లైవీల్ మెట్టుకు మధ్య సన్న ఫీలర్ కూడా దూరకుండా చూడాలి. నీళ్లు పోయొద్దు, గాలికే ఆరనివ్వాలి. ఆరాక డయల్ గేజ్‌లో ఊగిసలాట 0.15 మిల్లీమీటర్లు వచ్చింది.

బిగించేటప్పుడు సెల్ఫ్ మోటారు, గేర్‌బాక్స్ తాకే ముఖాలు రెండూ వైర్ బ్రష్‌తో తెల్లగా గీకాం. మునుపు అక్కడ పోతున్న 0.16 అందుకే తగ్గింది. ఎర్త్ కేబుల్ పాతదాని మందమే, కొత్త పళ్ల వాషర్, రంగు లేని బోల్ట్. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూత. ముందే లోపల పూస్తే కాదు, లోహం లోహానికే తగలాలి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ బోల్టులు టార్క్ రించ్‌తో, ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకే.

మిగిలిన గలగల

ఇంజిన్ అందుకున్నాక ముందు వైపు వచ్చే శబ్దానికి సెల్ఫ్‌తో సంబంధం లేదు. ఈ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఉంది, దాని టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో బిగుసుకుంటుంది. రాత్రంతా ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోతే పొద్దున ప్రెషర్ రావడానికి టైము పడుతుంది, అంతదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. ఫిల్టర్ విప్పి చూస్తే లోపల ఆయిల్‌ను ఆపే రబ్బరు వాల్వ్ గట్టిపడి ముడుచుకుపోయింది. ఆయిల్ కూడా 20డబ్ల్యూ-50. మాన్యువల్ చెప్పింది 5డబ్ల్యూ-30. మన దగ్గర ఎండలకు మందం ఆయిలే మంచిదని చాలామంది పోయించుకుంటారు. మే నెల 44 డిగ్రీలు బయటి ఎండ; ఇంజిన్ లోపలి ఆయిల్ ఏ కాలంలోనైనా దాదాపు ఒకే వేడి మీద పనిచేస్తుంది. మందం ఆయిల్ వల్ల చల్లటి స్టార్టింగ్‌లో పైదాకా ఎక్కడానికి ఆలస్యం, సెల్ఫ్‌కు అదనపు బరువు.

సరైన ఆయిల్, వాల్వ్ ఉన్న మంచి ఫిల్టర్ వేశాక ఆయిల్ లైటు ఆరే టైము మూడు సెకన్ల నుంచి ఒకటికి వచ్చింది, గలగల పోయింది. అందుకే చైన్ విప్పలేదు. ఫిల్టర్ మార్చినా పోకపోతేనే చైన్ సాగుదల, టెన్షనర్ చూడాలి.

ఇదే ఫిర్యాదుతో వేరే కారణాలతో వచ్చే బండ్లూ ఉంటాయి. స్టార్ట్ కాగానే కీచుమని నాలుగైదు సెకన్లు అరిస్తే డైనమో బెల్టు. నడుస్తున్న బెల్టు పళ్ల మీద కాసిని నీళ్లు చల్లితే శబ్దం మారుతుంది. రైస్ మిల్లుల దగ్గర ఎలుకలు బెల్టు కవర్లో, బ్లోయర్‌లో ఊక, గుడ్డ పీలికలు పోగేస్తాయి, అప్పుడు పరపరమంటుంది. సైలెన్సర్ మీది రేకు వదులైతే గిలగిలమంటుంది, గుడ్డ చేతికి చుట్టుకుని నొక్కి చూస్తే ఆగుతుంది.

ఒక్కటి మాత్రం ప్రాణం పెట్టి చెప్పాలి. వానాకాలంలో చెరువు అలుగు పారే రోడ్డులోంచి వచ్చి బండి ఆగి, మళ్లీ సెల్ఫ్ కొడితే ఒక్క టక్ అని బిగుసుకుపోతే రెండోసారి కొట్టొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి తడి ఉందా చూసి, స్పార్క్ ప్లగ్గులు తీసి నీళ్లు బయటికి వచ్చాకే తిప్పాలి.

పని అయ్యాక

అదే ఆరున్నర, అదే చలి. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 10.4, కరెంట్ 130కి దగ్గరే. ప్లస్ దారిలో 0.24, ఎర్త్ దారి మొత్తం 0.14. మోటారుకు అందుతున్నది 10.02 వోల్టులు, అంటే మునుపటి కంటే 1.64 ఎక్కువ. స్కానర్‌లో చూస్తే సెల్ఫ్ తిప్పే వేగం నిమిషానికి 170 చుట్ల నుంచి 215కు పెరిగింది. పది పొద్దులు చూసి బండి ఇచ్చాం, ఒక్కసారి కూడా గర్రు రాలేదు.

ఓనర్‌కు అలవాట్ల విషయంలో మూడే చెప్పాం. ఇంజిన్ అందుకోగానే తాళం వదలాలి. అందుకోకపోతే ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా ఐదు సెకన్లు ఆగి మళ్లీ తిప్పాలి. తిరుగుతున్న రింగ్‌లోకి పిన్యన్ దూరితే కొత్త పళ్లు కూడా పోతాయి. బానెట్ లోపల ప్రెషర్ నీళ్లు వద్దు, దుమ్ము గాలితో ఊదించుకుంటే చాలు.

జూలైలో ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు ఎర్త్ డ్రాప్ మళ్లీ కొలిచాం: 0.15. రంధ్రంలోంచి కెమెరా పెడితే రింగ్ పళ్ల వాలు మీద పిన్యన్ తాకిన సన్నటి మెరుపు గీత ఉంది, అంచులు మాత్రం పదునుగానే ఉన్నాయి. ఆ అంకెను సర్వీస్ కార్డు మీద రాసి ఇచ్చాం. 0.2 దాటిన రోజు బోల్ట్ విప్పి శుభ్రం చేయాలి, శబ్దం వచ్చేదాకా ఆగొద్దు.